నూలు హాల్లో పసుపు రంగు

తాళాలక్క పాలు కొనేటప్పుడు పాలు చూడదు, పాలవాడి మొహం చూస్తుంది. వాడు చూపు తిప్పుకున్నాడంటే ఆ పూట నీళ్ళు కలిపినట్టే లెక్క. ఎదురెండకు కళ్ళు చికిలించినా అంతే. "ఏం, ఇవాళ నా మొహం చూడలేకపోతున్నావు?" అని గేటు దగ్గరే నిలదీస్తుంది. వాడు ఒట్లు పెట్టుకుని, చివరికి విసుగెత్తి, "రేపట్నించి మీ ఆయన్ని పంపక్కా, నీకో దణ్ణం" అంటాడు. ఆయన్ని మాత్రం పంపదు. ఆయన ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. నూలు మిల్లులో చేరిన రోజుల్లో ఆమె ఇంకా తన జడ తాను వేసుకోవడం సరిగా రాని పిల్ల. ఆమెకు అప్పజెప్పిన పని ఒక్కటే. కండెల వరస పొడుగునా నడుస్తూ, తెగిన పోగు ఎక్కడుందో కనిపెట్టి అతకడం. సవ్యంగా తిరుగుతున్న కండెల్ని చూస్తూ మురిసిపోవడానికి ఏ మిల్లూ మనిషిని పెట్టుకోదు కదా. తప్పెక్కడుందా అని చూడాలి, తప్పు లేకపోతే ఎక్కడ రాబోతోందా అని చూడాలి. ఏళ్ళ తరబడి అలా చూసిన కళ్ళు మిల్లు మూతబడ్డాక మాత్రం ఊరుకుంటాయా? పాలల్లో, కూరగాయల్లో, చుట్టాల పలకరింపుల్లో తెగిన పోగులు వెతకడం మొదలుపెట్టాయి. ఆడపడుచు ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ఫోన్ పెట్టేసి, "దీనికేదో అవసరం పడింది. లేకపోతే నా ఒంటితో దానికేం పని?" అంటుంది.

ఆమె మొగుడు అదే మిల్లులో ఫిట్టరు. యంత్రాల రొద మధ్య బతికి బతికి రెండు చెవులూ మిల్లుకే ధారపోశాడు. ఇప్పుడు పెదాలు చూసి మాట తెలుసుకుంటాడు. ఆ మాటకొస్తే నూలు హాల్లో అందరూ చేసేది అదే. అక్కడ గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడేది కాదు కనుక పెదాలతోనూ చేతులతోనూ మాట్లాడుకునేవారు. పిడికిలి చూపిస్తే ఆపమని. వేలు గాల్లో తిప్పితే నడుస్తోందని. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే తెగిందని. వాళ్ళిద్దరి పెళ్ళి మాటలు కూడా అలాగే, ఒక వరసకు అటూ ఇటూ నిలబడి సైగలతోనే జరిగాయి. "అదే పైకి అరిచి ఉంటే పదిమందీ విని నన్ను వారించేవాళ్ళు" అని ఫిట్టరు ఇప్పటికీ వాపోతుంటాడు. ఆమె కూడా ఇప్పటికీ నవ్వుతుంది. ఆ ఒక్క విషయంలో ఆమెకు ఆయన మీద అనుమానం లేదు.

మిల్లు మూతబడ్డాక మొట్టమొదట పోయినవి యంత్రాలు. అవి ఎలా పోయాయో తాళాలక్క కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. కొన్నవాళ్ళ మనుషులు డబ్బాలూ కుంచెలూ పట్టుకుని వచ్చారు. తాము కొన్న ప్రతి యంత్రం మీదా పసుపు పట్టీ ఒకటి పూసి వెళ్ళారు. ఆ తర్వాత లారీలు వచ్చాయి. పట్టీ ఉన్నదల్లా లారీ ఎక్కింది. ఆమె ఇన్నేళ్ళూ అటూ ఇటూ నడిచిన వరస కూడా ఎక్కింది. మళ్ళీ కొన్నాళ్ళకు పంకాల మీద పసుపు పడింది, పంకాలు పోయాయి. పెద్ద తలుపుల మీద పడింది, తలుపులూ పోయాయి. పసుపు రంగు పడిన వస్తువుకు నూకలు చెల్లినట్టేనని ఆ మిల్లులో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు.

మిగిలింది కట్టడం. పొడవాటి నూలు హాలు, అందులో బారులు తీరిన ఇనుప స్తంభాలు, ఎత్తయిన కిటికీలు, గేటు పక్కన ఒకే ఒక్క గది. ఆ గదిలో తాళాలక్కా ఫిట్టరూ కాపురం. పోవడానికి వాళ్ళకు వేరే చోటు లేదు. తాళాలు ఆమె చేతికిచ్చింది చిన్న యజమాని. తండ్రి వెంట మిల్లుకు వచ్చే పసివాడుగా ఉన్నప్పుడు ఆమె ఇచ్చిన ఖాళీ కండెలతో ఆడుకున్నవాడు. మూతబడిన రోజు అతనే రెండు చేతులతో తాళాల గుత్తి అందించి, "మళ్ళీ ఏదో ఒకటి మొదలుపెడతాం అక్కా. అంతవరకూ శుభ్రంగా ఉంచు. తెరిచిన రోజు మొదటి పని నీకే" అన్నాడు. అప్పటినుంచీ ఆమె రోజూ హాలు ఊడుస్తోంది. ఖాళీ మిల్లు ఊడ్చే మనిషిని చూసి మొదట్లో వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆమె లెక్కచేయలేదు. మాట ఇచ్చింది ఎవరో దారినపోయేవాడు కాదు, తన కళ్ళముందు పెరిగిన పిల్లాడు.

ఆ చిన్న యజమాని ఒకరోజు ఫోన్ చేశాడు. ఒకమ్మాయి వస్తుందని, లోపల ఫోటోలు తీసుకుంటుందని, తాళాలు తీయమని చెప్పి పెట్టేశాడు.

అమ్మాయి వచ్చింది. భుజాన బరువైన సంచి, చంకలో మూడు కాళ్ళ స్టాండు, చేతిలో మూత బిగించిన డబ్బాలు. తాళాలక్క గేటు ఒక రెక్క మాత్రమే తెరిచి, అందులో తానే అడ్డంగా నిలబడింది.

"ఏం ఫోటోలు తీస్తావు?"

"పాడుబడ్డ చోట్లకి వెళ్ళి, అక్కడ రంగు వేసి, ఫోటో తీస్తానక్కా."

"పాడుబడిందని ఎవరు చెప్పారు నీకు? రోజూ ఊడుస్తుంటే!"

అమ్మాయి నాలిక కరుచుకుంది. "తప్పయిందక్కా. ఖాళీగా ఉన్న చోట్లకి."

"ఖాళీ గోడల్ని ఫోటో తీస్తే ఎవరు చూస్తారు?"

"చూస్తారక్కా. గోడలకి తగిలించుకుంటారు కూడా."

గోడ ఫోటోను తీసుకెళ్ళి ఇంకో గోడకు తగిలించుకుంటారట. తన చెవిలో పువ్వు పెట్టడానికే ఈ పిల్ల వచ్చిందని తాళాలక్క అక్కడికక్కడే తేల్చుకుంది. ఇంతలో ఫిట్టరు వెనకనుంచి వచ్చి, అడగకుండానే ఆ డబ్బాలు అందుకున్నాడు. "థాంక్స్ బాబాయ్" అంది అమ్మాయి. ఆయన ఆ పెదాలు చదివి పొంగిపోయాడు.

తాళాలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదుగో, నన్ను అక్కా అన్నావు, ఆయన్ని బాబాయ్ అన్నావు. మా ఇద్దరి వరస ఏమైనట్టు?"

అమ్మాయి పకపకా నవ్వింది. "అయితే మీరు పిన్ని."

"వరసలు కలుపుకోవడానికి వచ్చావా, ఫోటోలకి వచ్చావా?" అంటూనే పక్కకు జరిగింది. చిన్న యజమాని మాట అది, కాదనలేదు.

మొదట్లో ఆ అమ్మాయి చేసిందేమీ లేదు. హాలంతా తిరిగింది. ఒకచోట నిలబడి ఒక కన్ను మూసింది. కాస్త జరిగి మళ్ళీ మూసింది. ఒక పూటంతా ఇదే తంతు. తాళాలక్క చీపురు పట్టుకుని స్తంభాల మధ్య ఊడ్చిన చోటే ఊడుస్తూ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసింది. చివరికి అమ్మాయి దగ్గరకొచ్చి, "పిన్నీ, ఇక్కడ ఊడవకుండా ఉంటారా? ఈ దుమ్ము మీద వెలుగు బాగా పడుతుంది" అంది. శుభ్రం చేయమనేవాళ్ళు ఉంటారు, చేయకపోతే తిట్టేవాళ్ళు ఉంటారు. దుమ్ము ఉండనివ్వమని బతిమాలే మనిషిని తాళాలక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మర్నాడు ఇంకాస్త వత్తి ఊడ్చింది.

తర్వాత అమ్మాయి ఒకచోట నేల మీద గుర్తు పెట్టి, స్టాండు నిలిపి, దాని మీద కెమెరా బిగించింది. ఆ కెమెరాలోంచి చూస్తూ ఫిట్టరుకు చేతులు ఊపేది. ఆయన నిచ్చెన మీద నిలబడి సుద్దతో గీసేవాడు. పైకి, కిందికి, కాస్త పక్కకి. చెవులు లేని మనిషికి చేతుల భాష వచ్చిన యజమాని దొరికితే ఇంకేం కావాలి? ఏళ్ళ తర్వాత మళ్ళీ డ్యూటీ ఎక్కినవాడిలా ఆయన పొద్దున్నే తల దువ్వుకుని తయారయ్యేవాడు. అది చూసి ఆమెకు కడుపులో చల్లగానూ ఉంది, ఒళ్ళు మంటగానూ ఉంది.

సుద్ద గీతలయ్యాక డబ్బాలు తెరిచారు. లోపల ఉన్నది పసుపు రంగు.

తాళాలక్క చీపురు పక్కన పడేసింది. ఒక స్తంభం మీద వంకర పట్టీ. దాని వెనక స్తంభం మీద ఇంకో ముక్క. కిటికీ చట్రం మీద కాస్త, గోడ మీద కాస్త, నేల మీద పొడుగ్గా సాగిన చార ఒకటి. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. బొమ్మ అనడానికి తలా తోకా లేదు. మరి బొమ్మ కాని రంగు మిల్లులో దేనికి వేస్తారో ఆమెకు తెలియనిది కాదు. పోత ఇనుప స్తంభాలు. పాతవి, బరువైనవి. యంత్రాలకే అంత ఎగబడినవాళ్ళు స్తంభాల్ని వదులుతారా? స్తంభాలు పోతే కప్పు ఉంటుందా? కప్పు లేని మిల్లుకు గేటెందుకు, గేటు లేకపోతే గేటు గది ఎందుకు? ఆ సాయంత్రం కూర తరుగుతూ ఈ గొలుసంతా మొగుడికి వివరించింది.

ఆయన ఆమె పెదాల్నే చూస్తూ అంతా విన్నాడు. "ఆ పిల్ల ఏదో బొమ్మ వేస్తోందే."

"బొమ్మ ఎక్కడుంది? చూపించు నాకు. అన్నీ ముక్కలే."

"పూర్తయితే కనపడుతుందేమో."

"పూర్తయితే లారీ కనపడుతుంది. ఫోటోలని చెప్పి గుర్తులు పెట్టిస్తున్నారు, ఆ కుంచె నీ చేతికే ఇచ్చారు. మన కొంప మన చేతే కూల్పిస్తున్నారు."

"నీకు అన్నిటికీ అనుమానమే" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. చెవిటి మనిషి మొహం తిప్పుకుంటే ఇక ఆ గదిలో మాట ముగిసినట్టే. ఇది ఆయనకున్న గొప్ప సౌకర్యమని ఆమె కడుపుమంట.

చిన్న యజమానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మర్నాడూ చేసింది, ఎత్తలేదు. పాపం ఏ పనిలో ఉన్నాడో అనుకుంది. ఆ పిల్లాడికి తెలియకుండా ఎవరో వెనకనుంచి నడిపిస్తున్న నాటకం ఇదని అనుమానం ఇంకా గట్టిపడింది. పాపం అతన్ని కూడా మోసం చేస్తున్నారు. అతని మిల్లును కాపాడే బాధ్యత తనది. తాళాలు ఇచ్చిందే అందుకు.

అందుకని ఆ మర్నాడు తెల్లవారుజామున, ఫిట్టరు నిద్ర లేవకముందే, ఆమె బకెట్‌లో సున్నం కలుపుకుని హాల్లోకి వెళ్ళింది. దగ్గరగా ఉన్న స్తంభం మీది పసుపు పట్టీని గోకింది. ఊడినంత ఊడింది, ఊడనిదాని మీద సున్నం కొట్టింది. ఆరాక రెండో పూత వేసింది. చాలాకాలం తర్వాత తాను మిల్లుకు పనికొచ్చిన పని ఒకటి చేశానన్న తృప్తి కలిగింది.

అమ్మాయి వచ్చింది. సంచి దించింది. కెమెరాలోంచి చూసింది. కన్ను తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. తర్వాత ఆ స్తంభం దాకా నడిచి, వేలితో తాకి, వేలి కొనకు అంటిన తెలుపు చూసుకుంది. తిట్టలేదు, కేకలు వేయలేదు. అక్కడే నేల మీద చతికిలబడింది. తిట్టి ఉంటే తాళాలక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఇలా కూర్చునేసరికి చేతులు కొంగుకు తుడుచుకుంది.

ఫిట్టరు స్తంభం వైపు చూశాడు. పెళ్ళాం గోళ్ళ వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో సున్నం.

అప్పుడు మొదలైంది పోట్లాట. పరాయి పిల్ల ముందు గొంతు పెంచడం ఇద్దరికీ ఇష్టం లేదు కనుక పాత హాలు పద్ధతిలోనే సాగింది. ఆయన రెండు చేతులూ ఎత్తి ఇదేమిటన్నాడు. ఆమె పసుపు చూపించి, లారీ తోలుతున్నట్టు చేతులు తిప్పింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఆమె గేటు గది వైపు వేలు చూపి, తల మీద కప్పు కూలుతున్నట్టు చెయ్యి దింపింది. ఆయన పిడికిలి చూపించాడు, ఇక ఆపమని. ఆమె రెండు పిడికిళ్ళు చూపించింది. ఒక్క మాట కూడా పైకి రాకుండా ఇంత రణరంగం జరుగుతుంటే అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పిన్నీ, ఒక్కసారి ఇటొచ్చి ఇందులోంచి చూస్తారా?"

"ఏం చూడాలి?"

"చూశాక నన్ను తిట్టండి. పడతాను."

తాళాలక్క వెళ్ళింది. కెమెరా ఆమెకు అందేంత ఎత్తులో లేదు. దాని పక్కనే నిలబడి, అమ్మాయిలా ఒక కన్ను మూసి చూసింది. ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి. పట్టీ ఒకచోట, చార ఒకచోట. "ఇదేనా నీ బొమ్మ?" అంది, గెలిచినదానిలా. అమ్మాయి మొహం వాడిపోయింది. ఒక్క క్షణం ఆలోచించి, ఫిట్టరుకు సైగ చేసింది. ఆయన మూలనున్న చెక్కపెట్టె ఒకటి తెచ్చి బోర్లించాడు. ఆమె దాని మీద ఎక్కింది. కెమెరా వెనక కన్ను ఆనించింది.

ముక్కలు లేవు. హాలు మధ్యలో, గాల్లో, నిండుగా గుండ్రటి పసుపు బిళ్ళ ఒకటి నిలబడి ఉంది. స్తంభాలూ కిటికీ గోడా నేలా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటన్నిటికీ ముందు ఆ బిళ్ళ. మనిషి చేత్తో తాకవచ్చుననిపించేటంత దగ్గరగా. ఆమె కన్ను తీసింది. ముక్కలు. మళ్ళీ ఆనించింది. బిళ్ళ. ఆ బిళ్ళలో ఒకచోట మాత్రం ఎవరో కొరికినట్టు వెలితి. అది ఆమె సున్నం కొట్టిన చోటు.

జీవితమంతా తెగిన పోగుల్ని వెతికిన మనిషి. ఆ వెలితి మీదినుంచి ఆమె చూపు కదలలేదు. తెంపింది తానేనని తెలిసి సిగ్గుపడింది. పెట్టె దిగకుండానే చేయి పైకెత్తి, రెండు వేళ్ళు కలిపి విడదీసింది. తెగింది. ఫిట్టరు ఆ సైగ చూసి ఎన్నేళ్ళయిందో. కుంచె తీసుకుని స్తంభం దగ్గరకు పరిగెత్తినంత పని చేశాడు.

"నేను చూస్తాను, మీరు వెయ్యండి" అంది తాళాలక్క అమ్మాయితో. అమ్మాయి కాదనలేదు. కెమెరా ఆమెకు వదిలేసి తనూ కుంచె పట్టుకుంది. ఇక తాళాలక్క చెయ్యి ఆగలేదు. పైకి, ఇంకాస్త, చాలు. అంచు బయటికి పోయింది, తుడువు. కింద సన్నగా గీత మిగిలింది, అదీ పూడ్చు. చివరి వెలితి కూడా నిండి బిళ్ళ అతుక్కున్నాక ఆమె వేలు గాల్లో తిప్పింది. నడుస్తోంది! ఫిట్టరు నిచ్చెన మీదే నిలబడి పగలబడి నవ్వాడు. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిల్లు మూతబడ్డాక ఇంత సంతోషం ఆమె ఎరగదు.

ఎండ కిటికీల్లోంచి ఏటవాలుగా పడేదాకా ఆగి అమ్మాయి ఫోటో తీసింది. తీస్తున్నంతసేపూ గాలికి ధూళి లేస్తుందేమోనని తాళాలక్క ఊపిరి కూడా బిగబట్టి నిలబడింది.

పని అయ్యాక, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఆ అమ్మాయిని గేటు గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. టీ పెట్టింది. చక్కెర అడక్కుండానే రెండో చెంచా వేసింది. "తప్పు నాదేనమ్మా, పసుపు చూసి భయపడ్డాను" అని యంత్రాల కథంతా చెప్పింది. అమ్మాయి గోడకు చేరగిలబడి విని, "అయ్యో పిన్నీ, నాకు తెలిసుంటే వేరే రంగు తెచ్చేదాన్ని" అంది. వింటుంటే ఆ పిల్ల గొంతులో ఎక్కడా తెగిన పోగు లేదనిపించింది తాళాలక్కకు. మనిషిని నమ్మడం ఇంత హాయిగా ఉంటుందా, మా ఆయన ఇన్నేళ్ళూ ఈ సుఖమా అనుభవిస్తున్నది అనుకుంది.

"ఆ రంగు అలాగే ఉంచుతాను" అంది. "ఎండ తగలకుండా ఆ కిటికీకి అట్ట కడతాను. మళ్ళీ మిల్లు తెరిచిన రోజు వచ్చినవాళ్ళందర్నీ ఆ పెట్టె ఎక్కించి చూపిస్తాను."

అమ్మాయి టీ గ్లాసు వైపు చూసింది. తర్వాత మాట మారుస్తున్నట్టు ఫోన్ తీసి, ఇదివరకు తీసిన ఫోటోలు చూపించింది. ఒక పాత ఆసుపత్రి వరండాలో ఎర్రటి చతురస్రం. ఒక బడి మెట్ల మీద నీలం గీత, కింది మెట్టు నుంచి పైకప్పు దాకా తిన్నగా. ఒక బేకరీలో, పొయ్యిలన్నీ తీసేసిన హాల్లో, తెల్లటి నక్షత్రం. ఫిట్టరు కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"ఈ ఆసుపత్రి ఎక్కడ? బస్సులో వెళ్ళి చూసి రావచ్చా?" అని అడిగింది తాళాలక్క.

"ఇప్పుడు లేదు పిన్నీ. ఫోటో ఒక్కటే ఉంది."

"బడి?"

"అదీ లేదు."

"లేకపోవడమేమిటి?"

"పడగొట్టేశారు. నేను పడగొట్టబోయే చోట్లకే వెళ్తాను పిన్నీ. లేకపోతే గోడల మీద రంగు పూయనిస్తారా ఎవరైనా?"

అమ్మాయి ఆ మాట మామూలుగానే అంది. అనేశాక తాళాలక్క మొహం చూసింది. చూసి, గ్లాసు కింద పెట్టేసింది.

"మీకు... మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదా?"

"వానలు రాకముందే పడగొట్టే పని మొదలవుతుందని మీ చిన్న యజమాని నాతో అన్నారు. అందుకే తొందరగా తీసుకోమన్నారు. మీకు తెలుసనే అనుకున్నాను. మిల్లు మళ్ళీ తెరుస్తారని మీరంటుంటే... ఏదో అలా అంటున్నారేమో అనుకున్నాను."

తాళాలక్క ఏడవలేదు. అమ్మాయి వైపు చెయ్యి చాపి, "నీ ఫోన్‌లోంచి అతనికి చెయ్యి" అంది.

మొదటి రింగుకే ఎత్తాడు. "చెప్పండి మేడమ్! అయిపోయిందా? బాగా వచ్చాయా ఫోటోలు?" ఎంత హుషారుగా ఉందా గొంతు! తాను ఎన్నిసార్లు చేసినా పలకని గొంతు.

"నేను బాబూ, తాళాలక్కని."

"నువ్వా అక్కా!" హుషారు దిగిపోయింది.

"మిల్లు పడగొడుతున్నారట, నిజమేనా?"

"అక్కా... అది... నేనే వచ్చి చెబుదామనుకుంటున్నాను" అని నీళ్ళు నమిలాడు.

"గేటు గది కూడానా?"

"స్థలమంతా ఇచ్చేశాం అక్కా. ఎప్పుడో ఇచ్చేశాం. కాగితాలు పూర్తి కావడానికి ఇన్నాళ్ళు పట్టింది."

"ఎప్పుడో అంటే? తాళాలు ఇచ్చినప్పుడేనా?"

"ముందే చెబితే మీరు వెళ్ళిపోతారని నాన్నగారు అన్నారక్కా. ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు ఆక్రమించుకుంటారు కదా. నిన్ను మించి నమ్మకమైన మనిషి మాకు ఎవరున్నారు చెప్పు?"

ఆమె ఫోన్ అమ్మాయి చేతిలో పెట్టేసింది. పాలవాణ్ణి అనుమానించింది. ఆడపడుచును అనుమానించింది. రంగు డబ్బాతో వచ్చిన ఈ పిల్లను అనుమానించింది, సున్నం కొట్టింది. కట్టుకున్న మొగుడు ఆ పిల్లతో చేతులు కలిపాడని సణిగింది. అనుమానించవలసిన ఆ ఒక్కణ్ణి మాత్రం నెత్తిన పెట్టుకుంది. పాపం ఏ పనిలో ఉన్నాడో అని జాలిపడింది కూడా. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫిట్టరుకు ఇదేమీ అందలేదు. ఫోన్‌లో మాటలకు పెదాలు ఉండవు కదా. "ఏమిటట?" అన్నాడు, ఇంకా నవ్వు మొహంతోనే.

ఆమె ఆయనకు ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పెదాలు విప్పి నిదానంగా చెప్పింది. ఏదీ దాచలేదు. ఆయన మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత ఎటు పోవాలో తెలియనట్టు పోయింది. "మరి మనం?" అన్నాడు. చెవులు పోయినవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట గేటు బయట వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది.

అమ్మాయి లేచి నిలబడింది. సంచి పట్టీ భుజానికి తగిలించుకుని, మళ్ళీ తీసి, చేత్తో పట్టుకుంది.

"కూర్చోమ్మా" అంది తాళాలక్క. "నీ మీద కోపం లేదు. ఒక్క మాట అడుగుతాను, చెప్పి వెళ్ళు. నువ్వు ఇలాంటి చోట్లు ఎన్నో చూసి ఉంటావు. ఆ ఆసుపత్రికి కాపలా మనిషి ఉండే ఉంటాడు. ఆ బడికి, ఆ బేకరీకి కూడా ఉండే ఉంటారు. తలుపులు తీసి ఉంటారు, నీకు నిచ్చెన పట్టుకుని ఉంటారు. పడగొట్టాక వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళారు? ఎక్కడ ఉంటున్నారు? అది చెబితే మేమూ అటు చూసుకుంటాం."

అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసింది. ఫిట్టరు ఆమె పెదాల వైపే చూస్తున్నాడు, ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదన్నట్టు.

"నేను అడగలేదు పిన్నీ" అంది అమ్మాయి.

ఆమె నిజమే చెబుతోందని తాళాలక్క వెంటనే నమ్మింది.